జింక కదలడం లేదు, గాలి కదులుతోంది

ప్రశ్న: నేను కర్నూలులో పెళ్ళి వీడియోలు తీస్తాను. ఏపీఎస్‌-సీ సెన్సార్ ఉన్న కెమెరా, 70-200 లెన్సు, గింబల్, తేలికపాటి ట్రైపాడ్ నా దగ్గర ఉన్నాయి. మా పిల్లల బడిలో చూపించడానికి మన ప్రాంతపు జంతువుల మీద ఒక చిన్న సినిమా తీయాలని కోరిక. మార్చిలో 150-600 లెన్సు అద్దెకు తెచ్చుకొని రోళ్ళపాడు దగ్గరి పొలాల్లో కృష్ణజింకలను తీశాను. రాత్రి పెళ్ళి పని ముగించుకొని వెళ్ళడంతో అక్కడికి చేరేసరికి పదకొండు దాటింది. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే జింకలు నీళ్ళలో ఉన్నట్టు అల్లల్లాడుతున్నాయి. ఒక్క షాటూ పదునుగా లేదు. చెయ్యి తగిలితే చాలు, ఫ్రేమంతా ఊగిపోతోంది. లెన్సు చాలలేదు, 2ఎక్స్ కన్వర్టర్ (లెన్సు పొడవును రెండింతలు చేసే అదనపు అద్దం) వేసుకోమని ఒకరు, 3000 మిల్లీమీటర్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా కొనమని మరొకరు అంటున్నారు. చేతిలో లక్ష రూపాయలు ఉన్నాయి. ఏది కొనాలి? బైకు మీద ఒకరు తరిమితే పరుగు షాటు బాగా వస్తుందని మిత్రులు చెబుతున్నారు. దానికి అనుమతి కావాలా? వీరాపురం కొంగలను, సిద్ధవటం వైపు కలివికోడిని కూడా తీయవచ్చా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

సమాధానం: మీ ఉత్తరంలో లెన్సుల గురించి రాసిన వాక్యాల కన్నా, పొలం చేరేసరికి పదకొండు దాటిందన్న మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. మార్చి నెల, నల్లరేగడి నేల, పంట కోసేసిన బోడి చేను, నడిపొద్దు ఎండ కలిసిన చోట ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా మీకు వచ్చిన బొమ్మే వస్తుంది. కాబట్టి కొనుగోలు సంగతి ముందే చెప్పేస్తాను. కన్వర్టర్ వద్దు, చిన్న కెమెరా కూడా ఇప్పుడు వద్దు. మీ లక్షలో పెద్ద భాగం ట్రైపాడ్ కాళ్ళ మీద, ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాను కుదుపు లేకుండా తిప్పే పై భాగం) మీద పెట్టండి, లెన్సును మరికొంతకాలం అద్దెకే తెచ్చుకోండి, పెళ్ళి లేని రోజు చూసుకొని చీకటితోనే ఇల్లు వదలండి.

జింకలు అల్లాడుతున్నట్టు కనిపించడానికి కారణం లెన్సు కాదు, మధ్యనున్న గాలి. ఎండకు నేల కాగినప్పుడు దాన్ని ఆనుకొని ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైనున్న చల్లగాలి ఆ చోటికి దిగుతుంది. వేడిగాలికి సాంద్రత తక్కువ, చల్లగాలికి ఎక్కువ కాబట్టి, ఒక పొర నుంచి మరొక పొరలోకి దాటే ప్రతిసారీ వెలుతురు కొద్దికొద్దిగా వంగుతుంది. పది మీటర్ల దూరంలో ఉన్న పెళ్ళికూతురిని తీసేటప్పుడు ఆ వంపు కంటికి ఆనదు. నూటయాభై మీటర్ల అవతలి జింక నుంచి బయలుదేరిన వెలుతురు మాత్రం, అంత దూరమూ నేలకు దగ్గరగా, అంటే సరిగ్గా గాలి ఎక్కువగా కలగాపులగమయ్యే ఎత్తులో, ఇలాంటి పొరలను ఎన్నింటినో దాటుకుంటూ మీ సెన్సార్ దాకా రావాలి. 600 మిల్లీమీటర్ల లెన్సు జింకను ఎంత పెద్దది చేస్తుందో ఆ వంపునూ అంతే పెద్దది చేసి చూపిస్తుంది. ముదురు రంగు నేల ఎండను ఎక్కువగా పీల్చుకొని త్వరగా కాగుతుంది కనుక, నల్లరేగడి చేలల్లో ఈ బెడద మరింత పొద్దున్నే మొదలవుతుంది.

మీ క్లిప్పుల్లో ఒకదాన్ని మళ్ళీ పెద్ద తెర మీద వేసి, మగ జింక కొమ్ముల దగ్గర ఆపి, ఫ్రేము తరువాత ఫ్రేముగా జరిపి చూడండి. మెలితిరిగిన ఆ కొమ్ము పొడవునా వలయాల వంటి గట్లు ఉంటాయి. ఒక ఫ్రేములో మొదలు దగ్గరి గట్లు తేటగా కనిపించి, కొస చెదిరిపోయి ఉంటుంది. తరువాతి ఫ్రేములో కొస తేరుకుంటుంది గానీ నడుమ భాగం పక్కకు జరిగిపోతుంది. డెక్కల దగ్గర కాళ్ళు నేల నుంచి విడిపోయినట్టు ఉంటాయి. ఫోకస్ తప్పితే కొమ్మంతా ఒకే తీరుగా మసకబారుతుంది, ట్రైపాడ్ ఊగితే ఫ్రేము మొత్తం ఒకే దిక్కుకు జరుగుతుంది. ఒకే కొమ్ము మీద ఒకచోట పదును, దాని పక్కనే చెదురు కనిపించి, అవి ఫ్రేము ఫ్రేముకూ చోటు మారుతున్నాయంటే అది వేడిగాలి పనే. ఈ మూడు లోపాలకూ మందులు వేరువేరు కాబట్టి, డబ్బు తీయడానికి ముందు మీ క్లిప్పుల్లో ఏ లోపం ఎంత ఉందో విడదీసి చూసుకోవడం అవసరం. మీరు రాసినదాన్ని బట్టి వేడిగాలి చెదురూ, ట్రైపాడ్ ఊపూ కలిసి ఉన్నాయని నా అంచనా.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అద్దె లెన్సు మళ్ళీ చేతికి వచ్చిన రోజున ఊరి బయట ఒక చోట ట్రైపాడ్ నిలబెట్టి, ఇరవై మీటర్లలో ఉన్న ఒక రాయినీ, రెండు వందల మీటర్లలో ఉన్న ఒక వేపచెట్టు మొదలునూ పొద్దు పొడవగానే ఒకసారి, పదకొండుకు మరొకసారి, దేనికి దానికి ఫోకస్ పెట్టి, వెలుతురుకు తగ్గ మార్పు తప్ప మరే అమరికా మార్చకుండా తీయండి. పొద్దున రెండూ పదునుగా ఉండి, పదకొండుకు రాయి మాత్రమే పదునుగా ఉంటే లెన్సులో లోపం లేదని తేలిపోతుంది. పొద్దునే రాయి కూడా మసకగా ఉంటే అప్పుడు లెన్సును గానీ ఫోకస్‌ను గానీ అనుమానించాలి.

ఇక వేళల సంగతి. వేసవిలో పొద్దు పొడిచాక గంట, మహా అయితే గంటన్నర మాత్రమే దూరపు షాటుకు పనికొస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల నెమ్మదిగా కాగుతుంది కనుక ఆ గడువు పెరుగుతుంది. వాన కురిసి నేల తడిసి, ఆకాశం మబ్బుపట్టి ఉన్న రోజున అయితే మధ్యాహ్నం కూడా నిశ్చింతగా తీయవచ్చు, పైగా గాలిలో దుమ్ము ఉండదు. సాయంత్రపు బంగారు వెలుతురు చూసి చాలామంది మోసపోతారు. పొద్దు వాలినా పగలంతా తాగిన వేడిని నేల విడుస్తూనే ఉంటుంది కాబట్టి, రంగులు బాగుండి పదును లేని క్లిప్పులు ఆ వేళే ఎక్కువగా వస్తాయి. సాయంత్రాన్ని దగ్గరి షాట్లకు, పొద్దుకు ఎదురుగా నల్లటి ఆకారాలుగా కనిపించే షాట్లకు ఉంచుకోవడం మేలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జంతువును దాని కంటి ఎత్తు నుంచి తీస్తే బొమ్మకు వచ్చే అందం వేరు. అందుకే వన్యప్రాణులను తీసేవారు ట్రైపాడ్ కాళ్ళు బార్లా చాపి నేల మీద కూర్చుంటారు. కానీ వేడిగాలి బెడద నేల దగ్గరే ఎక్కువ. కాబట్టి కింద కూర్చొని తీయడాన్ని తొలిపొద్దు గంటకే పరిమితం చేసుకొని, ఆ తరువాత గట్టు మీదికో, వాహనం పైకో చేరితే, వెలుతురు దారి నేలకు కొంత ఎడంగా జరిగి చెదురు తగ్గుతుంది. జీపులో నుంచి తీసేటప్పుడు ఇంజన్ ఆపి, బానెట్ మీదుగా కాకుండా పక్క కిటికీ నుంచి తీయండి, ఎందుకంటే కాగిన బానెట్ మీది గాలి కూడా ఇదే అల్లరి చేస్తుంది. ఏసీ వేసుకొని వచ్చి అద్దం దించగానే తీసినా అంతే. లోపలి గాలీ బయటి గాలీ సర్దుకునే దాకా కాసేపు ఆగాలి.

కన్వర్టర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. చెదిరిన బొమ్మను రెండింతలు చేస్తే రెండింతల చెదురే వస్తుంది. దానికి తోడు 2ఎక్స్ కన్వర్టర్ రెండు స్టాపుల వెలుతురును, అంటే నాలుగింట మూడొంతులను, మింగేస్తుంది కనుక, ఎఫ్‌/6.3 లెన్సు ఎఫ్‌/13 అవుతుంది, తొలిపొద్దు వేళ దానితో పని జరగదు. నిజానికి మీకు పొడవు చాలకపోవడం లేదు. లెక్క చూడండి: ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ మీద 600 మిల్లీమీటర్ల లెన్సు వంద మీటర్ల దూరంలో ఆరు మీటర్ల వెడల్పును చూపిస్తుంది. మీ ఏపీఎస్‌-సీ సెన్సార్ చిన్నది కాబట్టి అదే లెన్సు సుమారు నాలుగు మీటర్ల వెడల్పును మాత్రమే చూపిస్తుంది. కృష్ణజింక ఒళ్ళు పొడవు మీటరుకు కొంచెం ఎక్కువ. అంటే వంద మీటర్లలో పక్కకు తిరిగి నిలబడిన జింక మీ ఫ్రేములో దాదాపు మూడో వంతు నిండుతుంది. ఒక జంతువును దాని చుట్టూ ఉన్న చేనుతో సహా చూపడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. 4కేలో తీసి హెచ్‌డీలో విడుదల చేస్తే ఎడిటింగులో ఫ్రేమును సగానికి కోసుకునే వీలు కూడా ఉంటుంది, బడిలో చూపించే ప్రొజెక్టర్‌కు అది చాలు.

3000 మిల్లీమీటర్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా మోసం కాదు గానీ, ఆ అంకె అసలు పొడవు కాదు, ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే లెక్క. దానిలోని సెన్సార్ చాలా చిన్నది, జూమ్ చివరికి వెళ్ళేసరికి అపెర్చర్ ఎఫ్‌/8 అవుతుంది, మసక వెలుతురులో బొమ్మ నిండా గింజలు కనిపిస్తాయి. మంచి వెలుతురులో చెరువు ఒడ్డున ఉన్న పిట్టను గుర్తుపట్టడానికి అది చక్కటి పనిముట్టు. అంతటి జూమ్‌లో వేడిగాలి బెడద ఎంతగా పెరుగుతుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

డబ్బు పెట్టవలసిన చోటు ట్రైపాడ్. పెళ్ళిళ్ళలో మీరు వాడే తేలికపాటి కాళ్ళు 70-200కు సరిపోతాయి, 600కు సరిపోవు. లెన్సు దాదాపు రెండు కిలోలు, కెమెరా, బ్యాటరీ, ప్లేటు కలిపి మూడు కిలోలకు అటూ ఇటూ అవుతుంది కనుక, ఆ బరువుకు తగిన కౌంటర్‌బ్యాలెన్స్ (కెమెరా వాలిపోకుండా ఎదురు నిలిపే ఏర్పాటు) ఉన్న నిజమైన ఫ్లూయిడ్ హెడ్, 75 మిల్లీమీటర్ల బౌల్ (హెడ్ కూర్చునే గిన్నె) ఉన్న కాళ్ళు చూసుకోండి. వాడినవి దొరికితే నిరభ్యంతరంగా కొనవచ్చు, మంచి హెడ్ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కొనేముందు దుకాణంలోనే మీ కెమెరా బిగించి చూడండి. లెన్సు కాలరును (లెన్సు చుట్టూ ఉండే బిగింపు పట్టీని) పొడవాటి ప్లేటు మీద పెట్టి, ముందుకో వెనక్కో జరుపుతూ బరువు నడిమికి తెచ్చి, కౌంటర్‌బ్యాలెన్స్ అమర్చిన తరువాత, టిల్ట్ తాళం వదులు చేసి హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసేయండి. లెన్సు ముందుకు వాలకుండా, వెనక్కి లేవకుండా వదిలిన చోటే నిలబడితే ఆ హెడ్ మీ బరువుకు సరిపోయినట్టు. పైకి చూపినా, కిందికి వంచినా అలాగే నిలవాలి. ఆ తరువాత డ్రాగ్ (హెడ్ తిరిగేటప్పుడు ఉండే బిగువు) పెంచి, నెమ్మదిగా పాన్ చేస్తూ, అంటే పక్కకు తిప్పుతూ, మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ వెనక్కి చిన్న కుదుపు వస్తోందేమో వ్యూఫైండర్‌లో గమనించండి. వస్తే ఆ హెడ్ వద్దు.

పొలంలో నడిమి స్తంభాన్ని పైకి లేపవద్దు. కాళ్ళ నడుమ మీ సంచినే బరువుగా వేలాడదీయవచ్చు గానీ అది గాలికి ఊగకుండా నేలను తాకేటట్టు ఉండాలి. రికార్డు బటన్ నొక్కిన కుదుపు కూడా 600 మిల్లీమీటర్ల దగ్గర కనిపిస్తుంది కాబట్టి ఫోన్ యాప్‌తో గానీ రిమోట్‌తో గానీ మొదలుపెట్టండి. అవి లేకపోతే నొక్కి చేతులు తీసేసి, మొదటి కొన్ని క్షణాలు ఎడిటింగులో వదిలేయండి. స్టెబిలైజర్ ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు కొన్ని లెన్సుల్లో ఫ్రేమును తనంతట తాను నెమ్మదిగా జరుపుతుంది, కొన్నింటిలో సాయపడుతుంది. అద్దెకు తెచ్చిన లెన్సుది ఏ గుణమో ఇంటి దగ్గరే ఒకసారి తీసి చూసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన సీమలో వీచే గాలి సంగతి మీకు తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. ఆ నెలల్లో లెన్సు హుడ్ గాలిని పట్టి ఊపుతుంది కాబట్టి పొద్దు ఎదురుగా లేనప్పుడు దాన్ని తీసేసి, వాహనం చాటున కూర్చోండి. జీపు కిటికీ మీద పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచిలో ఉలవలో కందులో ముప్పాతిక వంతు నింపి కుట్టించుకుంటే చాలు, లెన్సు దానిలో కుదురుగా కూర్చుంటుంది. ఇసుక మాత్రం వద్దు, ఏదో ఒక రోజు అది కెమెరాలోకి చేరుతుంది.

షట్టర్ విషయం మీకు కొత్త కాదు. సెకనుకు 25 ఫ్రేములైతే 1/50, 50 ఫ్రేములైతే 1/100. పూర్తి ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్‌/6.3 దగ్గర 1/50 పెట్టాలంటే నాలుగు స్టాపుల వరకు, అంటే వెలుతురును పదహారో వంతుకు తగ్గించే ఎన్‌డీ 16 ఫిల్టర్ కావాలి. ఈ లెన్సుల్లో ముందు అద్దం పెద్దది, 95 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఖరీదైనది, చౌకరకం వేరియబుల్ ఎన్‌డీ అయితే 600 దగ్గర బొమ్మ పదునును చెడగొడుతుంది. మేసే జింకకు షట్టర్ 1/200 పెట్టినా చూసేవారికి తేడా తెలియదు కాబట్టి, ఫిల్టర్ కొనే దాకా వేగంగా కదిలే షాట్లను తొలిపొద్దుకే ఉంచుకోండి.

ఫోకస్ దగ్గర మాత్రం కొత్త అలవాటు చేసుకోవాలి. మీ సెన్సార్ మీద 600 మిల్లీమీటర్లు, ఎఫ్‌/6.3 పెట్టి ముప్పై మీటర్లలో ఉన్నదాన్ని తీస్తే పదునుగా ఉండే లోతు రెండడుగులకు మించదు. జింక కన్ను పదునుగా ఉంటే దాని వెనుక భాగం మసకబారుతుంది. ఆటోఫోకస్ ఎదురుగా ఉన్న గడ్డిపోచనో జొన్న మోడునో పట్టుకొని కూర్చుంటుంది, వేడిగాలిలో అయితే ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. జంతువు నిలకడగా ఉన్నప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసి, కంటి చుట్టూ ఉండే తెల్లటి వలయం అంచు చూసి చేత్తో ఫోకస్ పెట్టి వదిలేయండి. ఎదిగిన మగ జింక వీపు నల్లన, పొట్ట తెల్లన. ఎండలో రెండింటినీ ఒకేసారి పట్టడం కష్టం కాబట్టి జీబ్రా గీతలు (వెలుతురు మితిమీరిన చోట తెర మీద కనిపించే చారలు) పెట్టుకొని పొట్ట తెల్లదనం పోకుండా చూసుకుంటే, వీపు నలుపును ఎడిటింగులో కొంత లేపుకోవచ్చు.

ఇక తరమడం సంగతి. ఆ మిత్రుల మాట దయచేసి వినవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, తరమడం, తోలడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో, ఉన్న జంతువు కనుక, దాన్ని వేటాడినందుకు మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. చేతిలో తుపాకి లేదు, కెమెరానే ఉందన్న వాదన అక్కడ నిలవదు. దీనికి అనుమతి దొరుకుతుందా అన్న ప్రశ్నే లేదు. చట్టం పక్కన పెట్టినా, తరిమిన జింక పరుగు చూడగానే తెలిసిపోతుంది. చెవులు వెనక్కి అతుక్కొని, మంద చెల్లాచెదురై, అన్నీ కెమెరాకు వీపు చూపిస్తూ పోతాయి. మీకు కావలసిన పరుగు వాటంతట అవే ఇస్తాయి. ఒక మగ జింక తన చోటులోకి వచ్చిన మరో మగజింకను వెంటాడుతుంది, మంద బాట దాటేటప్పుడు ఒకదాని వెనుక ఒకటి చెంగుచెంగున ఎగురుతుంది. అవి దాటే చోటు ఒకటి రెండు ఉదయాలు గమనించి, ముందే 50 ఫ్రేములు పెట్టుకొని, డ్రాగ్ సరిచేసుకొని కూర్చోవాలి.

దూరం తగ్గించే పద్ధతి కూడా అదే. మన చేలల్లో తిరిగే జింకలు గొర్రెల కాపరులను, ట్రాక్టర్లను రోజూ చూస్తాయి గనుక వాటికి అంతగా బెదరవు. వంగి వంగి, చాటుచాటుగా, తమవైపే చూస్తూ వచ్చే మనిషిని చూసి మాత్రం బెదురుతాయి. అవి రాకముందే వెళ్ళి గట్టు మీద కూర్చొని, కదలకుండా ఉంటే వచ్చేవి వస్తాయి. మేత ఆపి తల ఎత్తిందంటే మీరు కదలడం ఆపాలి, ఒకటి నిటారుగా పైకి ఎగిరిందంటే మీరు అవసరాన్ని మించి దగ్గరికి వెళ్ళారని అర్థం. ఆ గట్టు ఎవరిదో వారిని ముందు అడగండి. రోళ్ళపాడు చుట్టుపక్కలే కాదు, ఆలూరు, ఆస్పరి వైపు కూడా రైతులు జింకల మందల వల్ల ఏళ్ళుగా పంట నష్టపోతున్నారు. రాత్రంతా చేనుకు కాపలా కాసిన రైతు, తెల్లారేసరికి ఆ జింకలనే ముచ్చటగా తీసుకునే మనిషిని చూసి చిరాకుపడితే తప్పు పట్టలేం. ఆయనతో కూర్చొని మాట్లాడండి, ఒప్పుకుంటే ఆయననూ సినిమాలో పెట్టండి. మందలు ఏ పూట ఏ చేలోకి దిగుతాయో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పొడవాటి లెన్సుకు మన నేల మీద ఉన్న గొప్ప ఉపయోగం అక్కడే ఉందని నా అభిప్రాయం. దూరం నుంచి తీసినప్పుడు ముందున్నదీ వెనకున్నదీ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి కాబట్టి, మేసే మగ జింక, దాని వెనుక శనగ చేలో కలుపు తీసే ఆడవాళ్ళు, ఇంకా వెనుక ట్రాక్టర్ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. జింక తల మాత్రమే తెర నిండా కనిపించే షాట్లు బయటి దేశాల చిత్రాల్లో పిల్లలు చూసే ఉంటారు. తమ ఊరి చేలో జింక ఎలా బతుకుతోందో చూపే షాటు వాళ్ళకు ఎక్కడా దొరకదు. దగ్గరి షాటు ఒకటి తీస్తే, అదే చోటు నుంచి నడిమి షాటు, వెడల్పు షాటు కూడా తీసి పెట్టుకోండి, మీ 70-200 ఆ పనికే ఉంది. శబ్దాన్ని విడిగా పట్టుకోండి. నూటయాభై మీటర్ల అవతలి మేత చప్పుడు కెమెరా మైకులోకి రాదు, వచ్చేది గాలి హోరు, మీ ఊపిరి.

అనుమతి విషయానికి వస్తే, రోళ్ళపాడు అభయారణ్యం లోపలికి వెళ్ళడానికి, అక్కడ చిత్రీకరించడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన ఈ గడ్డినేల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వస్తుంది. 2022 సవరణ తరువాత చట్టంలో ఫొటోగ్రఫీ పక్కనే సినిమా తీయడం కూడా చేరింది, ఆవాసాన్ని మార్చకుండా, దానికీ ప్రాణులకూ హాని కలగకుండా తీయాలన్నది షరతు. డ్రోన్‌ను ఇంట్లోనే వదిలి వెళ్ళండి. చలికాలంలో వెళ్తే అక్కడి గడ్డిలో రాత్రి తలదాచుకోవడానికి పొద్దు వాలాక దిగే పిల్లిగద్దలు కనిపిస్తాయి, ఎగిరే పక్షిని వెంబడిస్తూ పాన్ చేయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. వాటిని నడిచి వెళ్ళి లేపకూడదు.

వీరాపురం వెళ్ళండి, మీ సినిమాలో సగం అక్కడే దొరుకుతుంది. చిలమత్తూరు మండలంలోని ఆ ఊళ్ళో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్యనున్న చెట్ల మీదే గూళ్ళు కడతాయి, మీ 70-200 దాదాపు సరిపోతుంది. అక్కడ వేడిగాలి బెడద కూడా తక్కువ, లెన్సు పైకి చూస్తుంది కాబట్టి వెలుతురు నేలను ఆనుకొని రాదు. అందువల్ల రోళ్ళపాడులో పనికిరాని ఎండవేళ ఇక్కడ పనికొస్తుంది. పైగా ఆ వేళే చూడవలసినది ఉంది: తల్లి గానీ తండ్రి గానీ గూటి అంచున పొద్దుకు వీపు పెట్టి నిలబడి, రెక్కలు సగం విప్పి పిల్లల మీద నీడ పట్టి ఉంచుతుంది, పొద్దు జరిగేకొద్దీ తానూ కొద్దికొద్దిగా తిరుగుతుంది. ట్రైపాడ్ కదపకుండా ఆ ఒక్క గూటినే వదిలి వదిలి తీస్తూ పోతే పిల్లలకు నోటితో వివరించే పని ఉండదు. తెల్లటి ఆకాశం ఎదురుగా ఉంటే కొంగ నల్లబడుతుంది కాబట్టి పొద్దు మీ వెనుక ఉండే వైపు చూసుకోండి. ఆ ఊరివాళ్ళు కొంగలను తమ సొంతంగా చూసుకుంటారు, వారిని అడగకుండా మేడలెక్కవద్దు, కొంగలను లేపడానికి చప్పట్లు కొట్టవద్దు. గూళ్ళను చెదరగొట్టడం కూడా పైన చెప్పిన చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది.

కలివికోడిని మాత్రం మీ జాబితాలో నుంచి తీసేయండి. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్ళీ దొరికింది, దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. అది రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే పక్షి. దాన్ని వెతకాలంటే దీపాలు వేయాలి, కూత వినిపించి పిలవాలి, రెండూ మనబోటి వారు చేయకూడనివి. పొడవాటి లెన్సుకు అక్కడ వెలుతురే ఉండదు. సినిమాలో ఆ కథ చెప్పాలనిపిస్తే పగటిపూట, అనుమతితో, ఆ పొదల అడవిని తీసి, పక్షి బొమ్మను బడి పిల్లల చేతనే గీయించి వాడుకోండి.

చివరిగా ఒక పని. కొత్త హెడ్ చేతికి రాగానే అద్దె లెన్సు బిగించి నేరుగా రోళ్ళపాడుకు పోవద్దు. ముందు కొన్ని ఉదయాలు కేసీ కాలువ గట్టు మీద తెల్లకొంగలను, తుంగభద్ర ఒడ్డున మేకల మందలను తీయండి. అవి మీ నుంచి పారిపోవు, ఫోకస్ తప్పినా మళ్ళీ అవకాశం ఇస్తాయి. కొంగ అడుగు తీసి అడుగు వేస్తుండగా కంటి మీద ఫోకస్ నిలుపుతూ, కుదుపు లేకుండా కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా పాన్ చేయగలిగిన వారం, అటవీశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. నవంబరుకు ముందే ఇస్తే మంచి నెలలు చేజారిపోవు.